నెవిల్ హ్యాపీయే

మా దేశంలో హ్యాపీగా ఉన్నవాడు ఎంత వెతికినా కనబడడు గానీ, ఆ మాట లేకుండా ఒక్క పనీ జరగదు. పళ్ళ డాక్టరు నోట్లోకి సూది తెస్తూ "హ్యాపీయేనా?" అంటాడు. పైపులు బాగుచేసేవాడు వంటింటి నేలంతా తవ్విపోసి, "సోమవారం దాకా ఇలాగే వదిలేస్తాను, హ్యాపీయేనా?" అంటాడు. మొన్న మా వీధి చివరి సెడ్రిక్ చచ్చిపోతే, శవపేటిక మూత బిగించడానికి వచ్చినవాడు సెడ్రిక్ పెళ్ళాన్ని పట్టుకుని, "మూసెయ్యమంటారా, హ్యాపీయేనా అమ్మా?" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని "హ్యాపీయే నాయనా" అంది. ఛీ! సంతోషానికి పట్టిన గతి చూడండి.

అడిగినవాడికి మన సంతోషంతో పనేమీ లేదు, అడ్డు చెప్పకపోతే చాలు. చెప్పేవాడూ ఉండడు. ఎదుటివాడి మొహం మీద కాదనడమంటే మా ఇంగ్లీషువాళ్ళకి నడివీధిలో గుడ్డలిప్పుకున్నంత సిగ్గు.

అందులో మా ఆయన నెవిల్ ఆరితేరినవాడు. తను పనిచేసే బొగ్గుగని మూసేసిన రోజున మేనేజరు వరుసగా అందర్నీ అడుగుతూ వచ్చి, "ఈ ఏర్పాటుకి హ్యాపీయేనా?" అంటే హ్యాపీయే అని చెప్పి టోపీ పెట్టుకుని ఇంటికొచ్చాడు. హోటల్లో చల్లారిపోయిన చేప తెచ్చి పడేసినా హ్యాపీయే. మంగలి ఒక చెవి మీద జుట్టు కత్తిరించకుండా వదిలేసి అద్దం చూపించినా హ్యాపీయే. ఇంటికొచ్చాక కత్తెర పట్టుకోవాల్సింది నేను. ఈ చవటని ఎలా కట్టుకున్నానురా దేవుడా అని ఎన్నిసార్లు తల బాదుకున్నానో!

ఆయన లోకమంతా పెరట్లో ఉండే పావురాల గూడే. గోడవారగా తన చేతులతోనే చెక్కలు కొట్టి కట్టుకున్నాడు. అవి పందెం పావురాలు. ఫ్రాన్స్‌లో వదిలిపెట్టినా సముద్రం దాటి వచ్చి ఆ గూటిమీదే వాలతాయి. ఆ గూటిని పక్కకి జరిపామా, అయిపోయినట్టే. పాత పక్షులు అలవాటైన చోటికే వచ్చి, గూడు కనబడక గాల్లో గుండ్రంగా తిరిగీ తిరిగీ ఎటో పోతాయి. శనివారం మధ్యాహ్నం ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డప్పుడు తప్ప ఆయన మొహంలో వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

పోయిన ఏడాది పక్కింట్లోకి లండన్ నుంచి గైల్స్ అనే కుర్రాడు భార్యతో దిగాడు. నవ్వుతూనే ఉంటాడు, వెధవ నవ్వు. వచ్చిన వారానికే, "మన మధ్య పొదల కంచె కొంచెం కత్తిరించుకుంటాం, హ్యాపీయేనా నెవిల్ గారూ?" అన్నాడు. మా ఆయన హ్యాపీయే అన్నాడు. సాయంత్రానికి కంచె మొదలంటా పోయింది. తర్వాత మా ప్లమ్ పళ్ళ చెట్టు కొమ్మల నీడ తమవైపు పడుతోందన్నాడు. మా ఆయన దానికీ హ్యాపీయే. చెట్టు సగానికి సగమైపోయింది. ఆ ఏడు జామ్ చెయ్యడానికి నాకు గుప్పెడు కాయలు కూడా దొరకలేదు.

చివరికి ఒక ఆదివారం కేకు పట్టుకుని వచ్చి, మా వంటింట్లో కూర్చుని, "వెనకాల అద్దాల గది కట్టిస్తున్నామండీ. మీ పావురాల గూడు ఎండకి అడ్డం. వాసన సంగతి మీకు తెలిసిందే. ఆ చివరికి, బొగ్గుల కొట్టు పక్కకి జరిపించేస్తాం, ఖర్చంతా మాదే. హ్యాపీయేనా?" అన్నాడు.

నెవిల్ మొహం పాలిపోయింది. టీ కప్పులోకి చూస్తూ "ఊఁ... హ్యా..." అన్నాడు. బల్ల కింద ఆయన పాదాన్ని మడమతో గట్టిగా తొక్కాను.

"ఆలోచించుకుని చెబుతాడు బాబూ" అన్నాను.

గైల్స్ గడప దాటగానే మొదలెట్టాను. "నోట్లో నాలుక లేదా నీకు? ఆ పక్షులన్నీ గాలికి పోతాయి, తెలుసా?"

"తెలుసు ఎడ్నా."

"మరి?"

"కేకు తెచ్చాడు కదా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు సాధన పెట్టాను. నేను గైల్స్‌నై ఆ వెధవ నవ్వు నవ్వుతూ "హ్యాపీయేనా?" అన్నాను. నెవిల్ గొంతు సవరించుకుని, "మీకేం ఇబ్బంది లేదంటే, నాకు అంత హ్యాపీగా లేదేమో అనిపిస్తోందండీ, తప్పు నాదే అయ్యుండొచ్చు" అన్నాడు.

"ఇబ్బంది లేదంటేనట! వాడికి ఇబ్బంది కలగాలనే కదయ్యా చెప్పడం! మళ్ళీ చెప్పు."

బంగాళాదుంపలు ఉడికి అడుగంటిపోయేదాకా చెప్పించాను. ఒక్కసారీ సరిగ్గా అనలేదు.

మర్నాడు గైల్స్ పనివాళ్ళని, కొలతల టేపునీ వెంటేసుకుని నేరుగా పెరట్లోకి వచ్చేశాడు. నెవిల్ మేత డబ్బా పట్టుకుని గూటి ముందు నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"మొదలెట్టమంటారా? హ్యాపీయేనా నెవిల్ గారూ?"

"లేదు బాబూ. నేను హ్యాపీగా లేను."

గైల్స్ అది వేళాకోళం అనుకుని నవ్వాడు. "అంటే, పూర్తిగా కాదంటారా? కొంచెమా?"

"ఎంతమాత్రం కాదు. గూడు ఇక్కడే ఉంటుంది."

గైల్స్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. సారీ, సారీ అని గొణుగుతూ టేపు చుట్టుకుని పోయాడు. పనివాళ్ళు కూడా మా ఆయనకి సారీ చెప్పి పోయారు, వాళ్ళు చేసిన తప్పేమిటో దేవుడికెరుక.

నా ఆనందం ఇంతా అంతా కాదు. సాసేజీలు వేయించి, ఉల్లిపాయల పులుసు కాచి పోశాను. ఇంత మంచి ఘడియ మళ్ళీ దొరకదని, పనిలో పనిగా అసలు విషయం బయటపెట్టాను.

"మా చెల్లెలు మార్జరీ ఒక్కత్తీ ఉండలేకపోతోంది. ఇక్కడికే వచ్చెయ్యమన్నాను. నువ్వు పాత రేడియోలు పోగేసుకున్న గది దానికి ఖాళీ చేద్దాం. హ్యాపీయేనా?"

నెవిల్ ఫోర్కు కింద పెట్టాడు. "లేదు ఎడ్నా."

నాకు నవ్వొచ్చింది. "ఇంకా ఆ ఊపులోనే ఉన్నావా?"

"ఊపు కాదు. నేను హ్యాపీగా లేను."

"మార్జరీ వస్తేనా?"

"అదొక్కటే కాదు."

"ఓహో. ఎప్పట్నుంచో?"

వెటకారంగానే అడిగాను. కానీ ఆ పూట నెవిల్ అడిగినదానికల్లా నిజమే చెప్పాలని ఉన్నాడు.

"మీ నాన్న చేపల దుకాణం ముందు నిలబడి అన్నావు చూడు, 'జూన్‌లో పెళ్ళి పెట్టేసుకుందాం, హ్యాపీయేనా?' అని. అప్పట్నుంచి."

నా నోటికి వంకర మాటే వచ్చింది. "మరి అప్పుడే చెప్పి చావొచ్చుగా!"

"హాలు మాట్లాడేశావుగా" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. కంచం సింకులో పెట్టి, టోపీ తగిలించుకుని, పావురాల దగ్గరికి బయల్దేరాడు. ఇన్నేళ్ళూ ఊరందరినీ ఆడిపోసుకున్నాను. ఈ మనిషిని ఆ మాటతో అందరికంటే ఎక్కువసార్లు మెడపట్టి తోసింది నేనే.

తలుపు దాకా వెళ్ళాను. "నెవిల్! నీకేం కావాలి?"

ఆయన మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగాడు. "నీకేం కావాలి అని నువ్వడగడం ఇదే మొదటిసారి ఎడ్నా. ఇప్పుడు హ్యాపీయే" అన్నాడు.