ఐదు మార్కుల గుంత

హేబ్సిబా టీచరుకు కోపం రావడం బీదర్‌లో కొత్త సంగతేమీ కాదు. ఇరవై రెండేళ్లుగా ఊరి చివరి ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చెబుతోంది. గంట కొట్టకముందే ఆవిడ గొంతు విని పిల్లలు వరుసలో నిలబడిపోతారు. అయితే తన మీద తనకే కోపం రావడం మాత్రం కొత్త. ఆ సోమవారం పొద్దున ఆ కొత్త కోపంతోనే చీర కుచ్చిళ్లు విసురుగా సర్దుకుంటుంటే, భర్త జీవరాజ్ గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"మీటింగ్‌కు పోతున్నవా, కొట్లాటకు పోతున్నవా?"

"రెండూ ఒక్కతాననే ఉన్నయి. నువ్వు బండి తియ్యి."

ఆ మీటింగు కథ చెప్పాలంటే ముందు పుస్తకం కథ చెప్పాలి. రాష్ట్రంలో నాలుగో తరగతి పరిసరాల పుస్తకం మారుతోంది. దాంతోపాటు, తరగతి ముగిసేసరికి పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలో చెప్పే ప్రమాణాల జాబితా కూడా మారుతోంది. అచ్చుకు పోయే ముందు ముసాయిదా పుస్తకాన్ని జిల్లాకు ఐదు బడుల్లో చెప్పించి చూస్తారు. పిల్లలకు పరీక్ష పెడతారు, కాగితాలు బెంగళూరుకు పోతాయి, మార్కులు తిరిగొస్తాయి. ఆ తర్వాత ఆ బడుల టీచర్లనూ, జిల్లాలో మరికొందరినీ ఒకచోట కూర్చోబెట్టి అభిప్రాయాలు రాయించుకుంటారు. అక్కడితో సరి. ఒకసారి అచ్చయిందంటే ఆ పుస్తకం ఏడెనిమిదేళ్లు కదలదు. ఆ ఐదు బడుల్లో హేబ్సిబా బడి ఒకటి.

తొమ్మిదో పాఠం నీళ్ల గురించి. బడి ఆవరణలో జానెడు లోతు గుంత తవ్వి, బిందెడు నీళ్లు పోసి, గంట తర్వాత ఏమైందో చూసి రాయాలి. ఐదు మార్కులు. జవాబుల పట్టికలో ఏముందంటే: నీళ్లు గుంతలో నిలుస్తాయి, మెల్లగా తగ్గుతాయి. ఆ పాఠం రాసిన మహానుభావులు ఏ నేల మీద నిలబడి రాశారో గాని, బీదర్ ఎర్రమొరం మీద మాత్రం కాదు. ఈ మొరం ఎన్ని నీళ్లు పోసినా తాగేసి ఇంకా తెమ్మంటుంది. హేబ్సిబా పిల్లలు గుంత తవ్వారు, బిందె వంచారు. పుస్తకం గంట ఆగమంది, నీళ్లు పది నిమిషాలు కూడా ఆగలేదు. ముప్ఫై ఒక్క మంది చుట్టూ కూర్చుని కళ్లప్పగించి చూసి, నీళ్లు లేవు, మట్టి తడిగా ఉంది అని రాశారు. ముప్ఫై ఒక్క మందికీ సున్నా వచ్చింది.

సున్నాలతో పాటు ఒక ముక్క కూడా వచ్చింది: ఈ బడిలో ప్రయోగం చేయించినట్టు లేదు.

అది చదివి హెడ్‌మాస్టర్ గోపాల్‌రావు తల పట్టుకున్నాడు. మంచి మనిషే పాపం. రిటైరు కావడానికి ఏడాది ఉంది, ఆ ఏడాదిని ఎవరి నోటా పడకుండా దాటించాలని ఆయన కోరిక.

"కడమ నాలుగు బడులల్ల నీళ్లు నిలిచినయంట, హేబ్సిబమ్మా. మన ఒక్క బడిలనే నిలవలే. మన ఇజ్జత్ ఏం గావాలె? ఇంకోసారి రాయించుటానికి మౌకా ఇచ్చిన్రు. రాయించమ్మా. పిల్లలకు మార్కులన్న వస్తయి."

ఆవిడ వాదించింది, గట్టిగానే వాదించింది. కానీ పిల్లల మార్కుల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడింది. సున్నాలు అలాగే ఉంటే బడికి వెనకబడ్డదన్న ముద్ర పడుతుంది, సెలవుల్లో పిల్లలకు అదనపు క్లాసులు పెడతారు. శనివారం తరగతిలోకి వెళ్లి, బోర్డు వైపు తిరిగి, ఒక్క పిల్ల మొహమూ చూడకుండా, నీళ్లు నిలిచాయని రాయమంది.

జగదేవి చెయ్యెత్తింది. బక్కపలచటి పిల్ల, అడగడం మొదలెడితే ఆగదు. బడి కన్నడమే అయినా జగదేవి ఇంట్లో తెలుగు, టీచరు ఇంట్లోనూ తెలుగే. కాబట్టి వాళ్లిద్దరి గొడవలన్నీ తెలుగులోనే నడుస్తాయి.

"నిలవలే గద టీచర్. మనం చూసినం గద."

"చెప్పింది రాయి."

"ఉత్తగనే ఎట్ల రాయాలె, టీచర్?"

"జగదేవీ!"

ఆ పిల్ల తల దించుకుని రాసింది. హేబ్సిబా కాగితాలు పోగుచేసి, అన్నిట్లోనూ ఒకటే మాట, చదివేదేముందిలే అని దారంతో కట్టి బీరువాలో పడేసింది. మర్నాడు చర్చిలో ఆవిడ పాట మధ్యలోనే పాటల పుస్తకం మూసేసింది. పిల్లల చేత అబద్ధం రాయించాను, అదీ కన్నడంలో, అక్షర దోషాలు లేకుండా, అనుకుంది. ఆ కట్ట బయటికి తియ్యనే తియ్యను, రేపు మీటింగులో నిలబడి అడిగేస్తాను అని అక్కడే తీర్మానించుకుంది. ఆ పట్టిక అలాగే అచ్చయితే, ఎర్రనేల పిల్లలు ఏటా కళ్లతో చూసినదానికి సున్నా తెచ్చుకోవాలి, లేదా చూడనిదాన్ని చూశామని రాయడం నేర్చుకోవాలి. అది ఆపగలిగేది ఈ ఒక్కరోజే.

మీటింగు టీచర్ల శిక్షణ సంస్థ హాల్లో. ఇలాంటి మీటింగులకు జిల్లాలో ఒక పద్ధతుంది. చేతిరాత బాగున్న ఒకరు 'పాఠాలు బాగున్నవి, పిల్లల స్థాయికి తగినట్లున్నవి' అని రాస్తారు, మిగతావాళ్లు వరసగా కింద సంతకాలు పెడతారు. భోజనాల వేళకు పని ఖతం. దూరపు వాళ్లు రెండు గంటల బస్సు అందుకుంటారు. ఈసారి ఆ చేతిరాత హుమ్నాబాద్ దిక్కు నుంచి వచ్చిన శివరాజ్‌ది. పదిన్నరకే కాగితం తయారు.

"అక్కా, అందరివి అయినయి. నీ దస్కత్ ఒక్కటే ఉంది."

"తొమ్మిదో పాఠం చెప్పినవా శివరాజ్?"

"చెప్పిన. మార్కులు గూడ మంచిగ వచ్చినయి."

"నీళ్లు నిలిచినయా?"

శివరాజ్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "జల్ది పెట్టక్కా, చాయ్ చల్లగైతాంది."

హేబ్సిబా సంతకం పెట్టలేదు. నేరుగా లేచి నిలబడింది. ఎదురుగా బల్ల దగ్గర పుస్తక కమిటీ తరఫున బెంగళూరు నుంచి వచ్చిన రూపాలి మేడమ్ కూర్చుని ఉంది. సన్నటి మనిషి, కళ్లద్దాలు, ముందు కాగితాల గుట్ట. ఆవిడతో మాటంతా కన్నడంలోనే.

"మేడమ్, తొమ్మిదో పాఠం మా నేలకు తప్పు. మా దగ్గర నీళ్లు నిలవవు. మా పిల్లలు ఉన్నదున్నట్టు రాస్తే మీవాళ్లు సున్నా వేశారు."

రూపాలి మేడమ్ విసుక్కోలేదు. గుట్టలోంచి దారం కట్టిన కట్ట ఒకటి తీసి ఎత్తి చూపించింది. "ఇది మీ బడిదే కదా? పొద్దున్నే అందింది. ఇందులో నీళ్లు నిలిచాయని ఉందే?"

అదే దారం, అదే ముడి. గోపాల్‌రావు బీరువా తీసి, టీచరమ్మ మరిచిపోయిందనుకుని, పొద్దున్నే మనిషినిచ్చి పంపేశాడన్నమాట. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వినగానే, దేవుడి దయవల్ల, ఆవిడకు కోపం వచ్చింది. కోపం వస్తే హేబ్సిబాకు గొంతు దానంతటదే వచ్చేస్తుంది.

"అవును, నేనే రాయించాను. పిల్లల తప్పు కాదు, హెడ్‌మాస్టర్ తప్పూ కాదు. మార్కులకు ఆశపడి నేను అబద్ధం రాయించాను."

రూపాలి మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మరి నన్ను ఏది నమ్మమంటారు? మొదటి కట్టనా, ఈ కట్టనా?"

"రెండూ నమ్మొద్దు. బయట ఆవరణలో ఉన్నదీ ఇదే మొరం. రండి, తవ్వుదాం."

తోటమాలి గడ్డపార దొరికింది. హేబ్సిబా కొంగు బిగించి నాలుగు పోట్లు పొడిచేసరికి చెమటలు పట్టాయి. చాయ్ గ్లాసుతో వచ్చిన శివరాజ్ చూసి చూసి గ్లాసు గట్టు మీద పెట్టాడు.

"ఇటియ్యి అక్కా. నువ్వు తవ్వితే రేపటిదాంక కూసుండాలె."

జానెడు గుంత అయింది. బిందెడు నీళ్లు పోశారు. ఇరవై మంది టీచర్లు చుట్టూ చేరి, నాలుగో తరగతి పిల్లల్లాగే వంగి చూశారు. నీళ్లు ఎర్రగా కలకబారాయి, బుడగలు లేచాయి, అంచులు దిగాయి. కాసేపటికి అడుగున గులకరాళ్లు బయటపడ్డాయి.

"ఏడు నిమిషాలు," అంది రూపాలి మేడమ్ గడియారం చూసి.

శివరాజ్ గడ్డపార మీద చేతులానించి నిలబడ్డాడు. "మా బడిల గూడ నిలవలేదక్కా," అన్నాడు మెల్లగా. "పట్టికల ఉన్నది చూసి నేనే చెప్పి రాయించిన. పిల్లలకు మార్కులు పోతయని." వెనక కిసుక్కుమన్న ఆయన ఎవరో గాని, ఇప్పుడు చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

జనవాడ నుంచి వచ్చిన కాశీబాయి మాత్రం ఊరుకోలేదు. "ఏయ్, అందరిని ఒక్క తీరు అనకున్రి! మాది నల్లరేగడి. మా గుంతల పొద్దుమూకేదాంక నీళ్లున్నయి. మా పిల్లలు నిజమే రాసిన్రు." ఆ మాటా నిజమే.

అందరూ హాల్లోకి వచ్చి కూర్చున్నాక రూపాలి మేడమ్ పెన్ను తీసింది. "సరే. ఎర్రనేల బడులకు ఈ ప్రశ్న మినహాయించమని కమిటీకి రాస్తాను."

"మినహాయింపు వద్దు మేడమ్," అంది హేబ్సిబా. "మా పిల్లలు జవాబు రాలేదని వదిలెయ్యలేదు కదా, రాశారు. ప్రశ్న ఉండనివ్వండి. పట్టిక మార్చండి."

"ఎలా మార్చను? ఒక నేలకు ఒక జవాబు, ఇంకో నేలకు ఇంకో జవాబు. చూసి రాసిందేదో, టీచరు చెబితే రాసిందేదో బెంగళూరులో కూర్చున్న నాకెలా తెలుస్తుంది చెప్పండి?"

ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. నిన్న మొన్నటి దాకా తానే ఆ పని చేసింది కాబట్టి హేబ్సిబాకు పెద్దగా అరిచే మొహం లేదు. రూపాలి మేడమ్ ఊరికే బల్ల మీదున్న ఆ కట్ట విప్పి కాగితాలు తిరగేస్తోంది. నిలిచాయి, నిలిచాయి, నిలిచాయి. ఒకచోట ఆవిడ వేలు ఆగింది. కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుని రెండుసార్లు చదివి, తర్వాత పైకి చదివింది.

"'నీళ్లు నిలిచాయని రాయమని టీచర్ చెప్పింది. నేను చూసినప్పుడు గుంతలో నీళ్లు లేవు.' కింద జగదేవి అని ఉంది."

హేబ్సిబాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి, మరుక్షణం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది నా పిల్ల, నేను చదువు చెప్పిన పిల్ల అని గుండె ఉప్పొంగింది. చెప్పింది వినమంటే వింది, అబద్ధం మాత్రం రాయలేదు. ఆ కాగితాన్ని చదవకుండా కట్టేసినందుకు తనను తాను నాలుగు తిట్టుకుంది. కాశీబాయి పక్కనుంచి వీపు నిమిరి, "ఏడువకమ్మా, మా బడిల గూడ ఒకతి ఉంది ఇసొంటిది, నన్ను సతాయించి చంపుతది," అంది.

"టీచరు చెప్పిందేదో, తాను చూసిందేదో ఈ పిల్ల విడివిడిగా రాసింది," అంది రూపాలి మేడమ్. "మన పట్టిక ప్రకారం ఈమెకు కూడా సున్నాయే." అని జవాబుల పట్టిక తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. "ఇప్పుడు చెప్పండి. దీని స్థానంలో ఏం రాద్దాం?"

"ఏ మట్టి, ఎంతసేపు, ఏం కనిపించింది. పిల్ల తాను చూసింది రాయాలి," అంది హేబ్సిబా. "మట్టి పేరు అడిగితే మేము టీచర్లం కూడా బయటికి పోయి చూడక తప్పదు."

నవ్వులు లేచాయి. రూపాలి మేడమ్ రాసుకుంది. "కమిటీలో నేనొక్కదాన్నే లేను, అందరూ ఒప్పుకోవాలి. కానీ జగదేవి కాగితం వాళ్ల ముందు పెట్టేది నేను. దాన్ని కాదనేవాళ్లెవరో చూస్తాను."

శివరాజ్ తన అందమైన చేతిరాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ఎవరి అభిప్రాయం వాళ్లు రాయడం మొదలుపెట్టారు. రెండు గంటల బస్సు వెళ్లిపోయింది, ఎవరూ లేవలేదు.

మర్నాడు హేబ్సిబా తరగతిలోకి వెళ్లింది. ఈసారి బోర్డు వైపు తిరగలేదు, పిల్లల వైపే నిలబడింది.

"శనివారం నేను మీతోని తప్పు రాయించిన. మీరు చూసిందే ఒప్పు," అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. "జగదేవికి ఐదుకు ఐదు."

జగదేవి లేచి నిలబడింది. "కడమోళ్లు మీరు చెప్తెనే రాసిన్రు గద టీచర్. వాళ్లకు సున్ననా?"

"వాళ్లకెందుకు సున్న? వాళ్లతోని రాయించినోళ్లకు సున్న."

హేబ్సిబా సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. దాని ఎదురుగా ఐదుకు సున్నా వేసి, మార్కుల కాగితం మీద వేసినట్టే కింద గీత గీసింది. తరగతి ఒక్క నిమిషం నోరు తెరిచి చూసింది. ముందు బెంచీలో ఒకరు నవ్వారు, తర్వాత అందరూ బల్లలు చరుస్తూ నవ్వారు, హేబ్సిబా కూడా ఆపుకోలేకపోయింది. జగదేవి మాత్రం నవ్వలేదు. పెన్సిల్ తీసి, బోర్డు మీద ఉన్నది తలెత్తి చూసుకుంటూ, ఉన్నదున్నట్టు నోటుబుక్కులో రాసుకుంటోంది.