సాంబ్రాణి వాసన వేసిన చొక్కాలు

తనిఖీకి వారం ముందు నుంచే క్సార్ హెలాల్ ఊళ్లోని ఆ కుట్టు ఫ్యాక్టరీకి పెళ్లికళ వస్తుంది. గోడలకు సున్నం, మరుగుదొడ్లలో సబ్బు, వెనక తలుపుకు ఎర్ర రంగు. ఏడాదంతా గుడ్డల మూటలు అడ్డం పడి ఉండే ఆ తలుపులోంచి ఈ ఒక్క వారం, నిప్పంటుకుంటే పారిపోవడం నేర్చుకున్నట్టు, అందరూ బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి రావాలి. ఇరవై రెండేళ్లలో షెద్లియా ఇలాంటి తనిఖీలు పద్నాలుగు చూసింది. ఆ రంగు వాసన తగిలితే చాలు, ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి.

ఆఖరి బల్లకు ఆమే పెద్ద. ప్రతి చొక్కా ఆమె చేయి పడ్డాకే పెట్టెలోకి వెళుతుంది. పనివాళ్లకు జవాబులు నేర్పించడం కూడా ఆమె నెత్తినే పడింది.

"రోజుకు ఎన్ని గంటలు?"

"ఎనిమిది!"

"బయటికి దారులెన్ని?"

"రెండు!"

"ఎవరైనా తిడతారా?"

"లేదు, అందరం ఒకే కుటుంబం!"

ఇస్త్రీ బల్ల దగ్గరి వసీలా మాత్రం, "కుటుంబమంటే తిట్టుకోరా ఏంటి పిన్నీ? ఒకసారి మా ఇంటికొచ్చి చూడు" అంది. షెద్లియాకు నవ్వొచ్చింది గాని, నవ్వే ఓపిక లేకపోయింది.

నేర్పించని జవాబు ఒకటుంది. చొక్కాల్లో సగానికి గుండీలు ఫ్యాక్టరీలో కుట్టరు. షెద్లియా వీధిలోని ఆరుగురు ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని కుడతారు. వాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. ఆ సంగతి సముద్రం అవతల చొక్కాలు కొనేవాళ్లకు తెలిస్తే ఆ ఆరిళ్లకూ పని ఆగిపోతుందని అందరి భయం. ఆరుగురిలో ఒకతె షెద్లియా ఆడపడుచు బేయా. మొగుడు పోయినప్పటి నుంచీ, అంటే పన్నెండేళ్లుగా, ఆమెకు ఆ గుండీలే ఆధారం.

కొనేవాళ్ల తరఫున తనిఖీకి రాజధాని ట్యూనిస్ నుంచి హాజర్ అనే అమ్మాయి వచ్చింది. కళ్ల కింద నల్లటి చారలు. ఆ వారంలో ఇది ఆమెకు నాలుగో ఫ్యాక్టరీ అట. "ఇక్కడ ఎన్నేళ్ల నుంచి..." అని ఆమె అడుగుతుండగానే వసీలా "ఎనిమిది గంటలు" అనేసింది. హాజర్ తల కూడా ఎత్తకుండా, "చాలా బాగా నేర్పించారు" అంది.

తర్వాత ఒక పెట్టె విప్పించింది. చొక్కా ఒకటి తీసి, గుండీలు లాగి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది సాంబ్రాణి కదూ?"

గురువారం సాయంత్రం మట్టి కుంపట్లో సాంబ్రాణి వేసి ఇల్లంతా తిప్పని ఆడది ఆ వీధిలో లేదు. బేయా అయితే తన పనికి దిష్టి తగలకూడదని చొక్కాల దొంతర చుట్టూ మూడుసార్లు మరీ తిప్పుతుంది. షెద్లియా ఇల్లూ అదే వాసన గనక, మరకనూ వదులు దారాన్నీ ఆమడదూరం నుంచి పట్టేసే ఆమెకు ఇన్నేళ్లలో ఆ వాసన మాత్రం తెలియలేదు.

అందరూ మర్యాదగా సీ మోన్సెఫ్ అని పిలిచే యజమాని చురుకైన మనిషి. "అవునమ్మా! ఫ్యాక్టరీకి దిష్టి తగలకుండా గురువారం గురువారం ఇక్కడే వేస్తాం" అన్నాడు.

"కుంపట్లోనా? నిప్పులమీదా? ఇన్ని గుడ్డల మధ్యా?" హాజర్ కలం మూత తీసింది.

"చిన్న కుంపటేనమ్మా."

"ఎంత చిన్నది?"

ఆయన చేతులతో చూపించాడు. ఆమె చూస్తున్న కొద్దీ ఆ కుంపటి చిక్కిపోయి చివరికి కాఫీ కప్పంత అయింది. అయినా నిప్పు నిప్పే. అది కాగితమెక్కితే ఆరుగురితో పోదు, ఫ్యాక్టరీలోని నూట అరవై మందికీ పని పోతుంది. షెద్లియా బల్లకు ఆనుకుంది. పద్నాలుగు తనిఖీల అబద్ధాలు ఒక్కసారిగా నడుం మీద కూర్చున్నట్టనిపించింది.

"రాయకు తల్లీ. ఇక్కడ ఏ కుంపటీ లేదు. ఆ వాసన మా ఇళ్లది."

సీ మోన్సెఫ్ కళ్లు మూసుకున్నాడు.

"ఎంతమంది పిన్నీ?" అంది హాజర్.

"ఆరుగురు. వాళ్ల పని తీసేయిస్తావా?"

"ఆపమని నేను రాయను. పేర్లు ఎక్కించి బీమా కట్టమని రాస్తాను. కొనేవాళ్లు నా మాట వింటారో, చేతులు దులుపుకుంటారో చెప్పలేను."

"భలే ధైర్యం చెప్పావు" అంది షెద్లియా. అని, ఆమెను తన వీధిలో బేయా ఇంటికి తీసుకెళ్లింది.

బేయా చిక్కటి టీ పోసి, ఒడిలో చేతులు పెట్టుకుని బడిపిల్లలా కూర్చుంది. "బయటికి దారులెన్ని?" అని హాజర్ అడగ్గానే "రెండు" అంది. వదిన ఇంట్లో వల్లెవేస్తుంటే విని నేర్చుకుంది మరి. హాజర్ ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క గుమ్మం వైపు చూసి, టీ తాగి, పేరడిగింది.

"చొక్కాలొచ్చే సంచి మీద నా నంబరు నాలుగు" అంది బేయా ముందు. తర్వాత, "బేయా. సాలిహ్ కూతుర్ని. తప్పుల్లేకుండా రాయమ్మా, ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అంది.

ఆ తర్వాత మూడు వారాలు సంచులు రాలేదు. షెద్లియా పని నుంచి వచ్చేటప్పుడు అయిదు గుమ్మాలు ఆమెను చూసి మూసుకునేవి. బేయా మాత్రం తలుపు మూయలేదు. "రా వదినా, కూర్చో. చొక్కాల్లేవుగా, సాంబ్రాణి పొగంతా నీకే పడతా" అనేది. షెద్లియా కూర్చునేది కాదు.

నాలుగో వారం సీ మోన్సెఫ్ పిలిచి, కొనేవాళ్లు పంపిన మూడు కాగితాలు బల్లమీద పడేశాడు. "పని ఆపకూడదట. ఆరుగురినీ ఎక్కించాలట, బీమా కట్టాలట. చొక్కా ధర పెంచే మాట మాత్రం మూడు పేజీల్లో ఎక్కడా లేదు! ఈసారి ఇళ్లకు కూడా వస్తారట. వెళ్లు, వాళ్లకూ జవాబులు నేర్పించు."

షెద్లియా నాలుగో నంబరు సంచి మోసుకొచ్చి బేయా గుమ్మంలో కూలబడింది. సంచిమీద నంబరు పక్కన ఇప్పుడు పేరు కూడా ఉంది. బేయా దాన్ని వేలితో తడిమి, సూదిలో దారం ఎక్కించుకుంది.

"బయటికి దారులెన్ని?" అంది షెద్లియా.

"ఈసారి ఏం చెప్పమంటావ్?"

"ఎన్నున్నాయి?"

"ఒకటి. కిటికీ ఉంది గాని, అందులోంచి పిల్లి తప్ప ఎవరూ దూరలేరు."

"అదే చెప్పు."

బేయా అనుమానంగా చూసింది. "పిల్లి సంగతి కూడానా?"

షెద్లియా చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది.

"అది కూడా."