జంపక్క మీద వారెంటు

పత్తి చేలో కలుపు తీస్తున్న జంపక్క దగ్గరికి గట్టు మీదుగా పోలీసులు నడిచొచ్చారు. వెంట ఒక మహిళా కానిస్టేబుల్ కూడా ఉంది.

"వాయిదాకు పోలేదంట గదా. నీ మీద నాన్‌బెయిలబుల్ వారెంటుంది. నడువ్."

"వకీలు సారుకు చెప్పిన గదా!"

"అదేందో జడ్జిగారి ముందర చెప్పుకో."

జంపక్క ఒళ్లు భగ్గుమంది. పోడు భూమి దగ్గర ఫారెస్టు వాళ్లతో జరిగిన తోపులాటలో ఆమె పేరూ కేసులో చేరింది. అప్పటినుంచి ఒక్క వాయిదా తప్పలేదు. చీకటితోనే లేచి, వాగు దాటి, ఆటో పట్టుకుని, బస్సెక్కి కొత్తగూడెం కోర్టు వరండాలో పొద్దుగూకేదాకా నిలబడి వచ్చేది. పోయిన వాయిదా నాడు వాగు పొంగింది. సిగ్నల్ కోసం గుట్టెక్కి, వానలో తడుస్తూ వకీలు వెంకటనారాయణకు ఫోన్ చేసింది. "రాకపోయినా పర్లేదమ్మా, నేను పిటిషన్ వేస్తాను" అన్నాడాయన. ఆమె నమ్మింది.

కోర్టు వరండాలో మరిది బొజ్జయ్య ఎదురొచ్చాడు. ఆమె బెయిలుకు పూచీపడి జమానతు ఉన్నది అతనే.

"ఏంది వదినె గిట్ల జేసినవ్? జమానతు పైసలు నేనే కట్టాలని నాకు నోటీసొచ్చింది! నేనేడికెల్లి తేవాలె?"

"నేనేం జెయ్యలే. చేసినోడు ఆడ వస్తుండు, చూడు."

నల్లకోటు సర్దుకుంటూ వెంకటనారాయణ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "జ్వరమొచ్చిందని చెప్పమ్మా. ఆస్పత్రి చీటీ సంగతి నేను చూసుకుంటాను."

"నాకు జరం రాలే. వాగొచ్చింది. నీకు ఫోన్ చేసిన."

"అదంతా ఇక్కడ చెప్తే నీకే ఇబ్బంది."

జంపక్క పేరు పిలవగానే లోపలికి నడిచి బోనులో నిలబడింది. వకీలు నోరు తెరిచేలోపే జడ్జమ్మతో మాట్లాడింది.

"అమ్మా, వాగు పొంగి రాలేకపోయిన. ఆ పొద్దున్నే ఈ సారుకు ఫోన్ చేస్తే పిటిషన్ ఏస్త అన్నడు. ఇప్పుడేమో జరమని అబద్ధం చెప్పమంటుండు. నేను చెప్ప."

జడ్జి వకీలు వైపు చూసింది. "పిటిషన్ ఎందుకు వేయలేదు?"

"ఆ రోజు ఖమ్మంలో వేరే కేసుందండీ. మా జూనియర్‌కి చెప్పాను, అతను మర్చిపోయి..."

జడ్జి వారెంటు రద్దు చేసింది. బొజ్జయ్య మీది నోటీసూ ఎత్తేసింది. కానీ పాత బాండు చెల్లదని, కొత్తగా జమానతు ఇచ్చేదాకా జంపక్కను రిమాండుకు పంపాలని చెప్పింది.

"నేనే ఉంట మేడం," బొజ్జయ్య వెనకనుంచి లేచాడు. కోపం ఇంకా అతని గొంతులోనే ఉంది. జమానతుకు చూపాల్సిన పట్టాదారు పాసుబుక్కు మాత్రం ఇంటి దగ్గరుంది. అది తెచ్చేసరికి కోర్టు మూసేస్తారు.

ఆ రాత్రి జంపక్క ఖమ్మం జైల్లో పడుకుంది. పడుకుందనే గాని కన్ను మూతపడలేదు. పక్కనున్న ఆడమనిషి "ఏం జేసినవక్కా?" అని అడిగితే, "వకీలును నమ్మిన" అంది.

మర్నాడు సాయంత్రం విడుదలయ్యాక ఊరికి పోదామన్నాడు బొజ్జయ్య. ఆమె వినలేదు. కొత్తగూడెంలో బస్సు దిగి తిన్నగా వెంకటనారాయణ ఆఫీసుకు నడిచింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నా కేసు కాయితాలియ్యి. వేరే వకీలును పెట్టుకుంట."

"పొరపాటు జరిగిందమ్మా. మనిషన్నాక తప్పదు గదా."

"నేను తప్పితే పోలీసులొచ్చి చేలోకెల్లి పట్టుకపోయిండ్రు. నా మరిదికి నోటీసొచ్చింది. నువ్వు తప్పితే నీకేమైంది సారూ?"

వెంకటనారాయణ తల వంచుకుని బీరువా తెరిచాడు. వేరే వకీలు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని సంతకం చేసి, కాయితాలు బల్ల మీద పెట్టాడు. జంపక్క వాటిని కొంగులో చుట్టుకుంది.

బస్సులో బొజ్జయ్య ఏదో సర్దిచెప్పబోయాడు.

"నాతోటి మాట్లాడకు. కోపమింక దిగలే," అంది.

అతను పక్కకు జరిగాడు.