గుమ్మడి వడియాల హక్కు

నేను ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీని. అచ్చులోంచి తీసి ఇంకా చల్లారకముందే నన్ను తోటి కుర్చీల మీద పేర్చారు. షామియానా వాళ్ల దగ్గర పెళ్లిళ్లూ, కర్మ భోజనాలూ చూసి, చూసి, చివరికి కాకినాడలో ఓ అపార్ట్‌మెంటు మేడమీదికి చేరాను.

ఆ అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షులు అన్నాజీరావు గారు. లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వినే విద్యార్థులు లేక, ఫ్లాట్లవాళ్లకు హక్కుల నియమావళి ఒకటి రాశారు. లిఫ్టు ఎక్కే హక్కు, మంచినీళ్లు పట్టుకునే హక్కు, పండక్కి మైకు పెట్టే హక్కు. రాసిందే హక్కనీ, రాయనిది వట్టి అలవాటనీ ఆయన సిద్ధాంతం.

అది రాసిన మర్నాడే మేడమీద గుమ్మడి వడియాలు కనిపించాయి. అవి మూడో అంతస్తు రత్నమాంబ గారివి. ఒంటరి మనిషి. ఏటా వేసవిలో వడియాలు పెట్టి ఇంటింటికీ పంచేవారు. నియమావళిలో వడియాల మాట లేదు కనుక తీసేయమన్నారు అధ్యక్షులవారు. ఆవిడ సగం ఆరిన వడియాలను బట్టతో సహా ఎత్తుకుని మెట్లు దిగిపోయారు.

ఆ సాయంత్రం మేడమీదే మీటింగు. నియమావళిని ఆమోదింపజేయడానికి ఆయన గొంతు సవరించుకుని, దర్జాగా నా మీద వెనక్కి వాలారు. నా వెనక కాలు అప్పటికే నెర్రె విచ్చి ఉంది. ఫట్‌మంది. ఆయన వెల్లకిలా పడి, కాళ్లు గాల్లో ఉండగా, నా చేతుల మధ్య ఇరుక్కుపోయారు.

తనను ఎవరైనా లేవదీయమన్నారు ఆయన. అందరూ కదలబోతే రత్నమాంబ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అన్నయ్యగారూ, పడ్డోళ్లని లేవదీయాలని ఎన్నో పేజీలో రాశారండీ?"

ఆయన ఆకాశంకేసి చూస్తూ నిజాయితీగానే గుర్తు తెచ్చుకున్నారు.

"రాయలేదమ్మా. అయినా ఇలా వదిలేస్తే అన్యాయం కాదూ?"

"అన్యాయవేనండి. రాయకపోయినా అన్యాయవే," అని ముందుగా ఆవిడే చెయ్యందించారు.

పంచె దులుపుకుని, అన్నాజీరావు గారు నియమావళి చివర ఒక్క వాక్యం చేర్చారు: 'ఇందులో రాయనంత మాత్రాన ఏ హక్కూ లేకుండా పోదు.' జనం నవ్వుతూనే ఆమోదించారు. మర్నాడు వడియాలు మళ్లీ ఎండకెక్కాయి. కాకుల్ని తోలే పని ఆయనే పుచ్చుకున్నారు.

నన్ను సెల్లారులో నీళ్ల మోటారు వెనక పడేశారు. మొన్న ఒక పిల్లి నా కిందికి దూరి ఈనింది. ఇంకా కళ్లు తెరవని కూనలు పాలకోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నియమావళి సంగతి వాటికి ఇంకా ఎవరూ చెప్పలేదు.