ఛాతీ లోతు కందకం

మా ఆయన హన్మండ్లుకు ఏ పనీ సగంలో ఆపడం చేతకాదు. అదే మా కొంప ముంచింది. నేల కోసుకుపోకుండా చేను పైగట్టున మోకాలు లోతు కందకం తవ్వుకోమని సర్కారు పథకం వచ్చింది. వీర్నపల్లిలో మా పత్తి చేను గుట్ట వాలులో ఉంటుంది. వానొస్తే పైనుంచి నీళ్లు దూకి మొక్కల వేళ్లు బయటపెడతాయి. ఆఫీసరు మోకాలు లోతంటే ఈయన ఛాతీ లోతు తవ్వాడు.

"లోతెక్కువుంటే నీళ్లెక్కువ ఆగుతయ్ గదనే" అన్నాడు మురిసిపోతూ. అబద్ధమెందుకు, ఆ ఏడు పత్తి నడుం దాకా లేచి విరగబూసింది. నాకూ ముచ్చటేసింది.

అన్నలకూ పోలీసులకూ నడుమ మా ఊళ్లు నలిగిపోతున్న రోజులవి. నక్సలైట్ల కోసం గుట్ట గాలిస్తూ పోలీసులు దిగేసరికి మేం చేలోనే ఉన్నాం. ఎస్సై కందకంలోకి దిగి నిలబడ్డాడు. తుపాకీని కందకం అంచుమీద ఆనించి కింది బాటను చూశాడు. అక్కణ్ణుంచి బాటంతా కనబడుతుందని మాకు అంతవరకూ తట్టనేలేదు.

"ఎవరి కోసం తవ్వినవ్‌రా?"

"పత్తి కోసం సార్."

"పత్తికి ఇంత లోతా?"

నేను ఎస్సై కాళ్లమీద పడ్డాను. "దండం పెడ్త సారూ! సర్కారోల్లే తవ్వుమన్నరు. గీయనకు కొలత తెల్వది. గిప్పుడే పూడుస్తం, ఇడ్సిపెట్టుండ్రి."

తుపాకుల ముందు ఇద్దరం పూడ్చాం. "ఈ గట్టుమీద మళ్లా పార కనబడితే మాటలుండవ్" అని చెప్పి వెళ్లాడు ఎస్సై.

మర్నాడు పొద్దున్నే కుండపోత. గుట్ట నీళ్లు కందకంలో పోసిన కొత్త మట్టిని తోసుకుని చేలో పడ్డాయి. ఇద్దరం తడుస్తూ అంచున నిలబడ్డాం. నాలుగు పారల మట్టి తీసి నీటిని పక్క వాగులోకి మళ్లిస్తే పంట బతుకుతుంది. కింద బాటమీద పోలీసు జీపు ఆగి ఉంది. ఈయన పార కోసం ఇంటివైపు తిరిగాడు. నేను అంగీ పట్టి లాగాను.

"నాలుగు పారల మన్నేనే, గంతే."

"పత్తి పోతే పోనియ్. నువ్వు కదలకు."

పూతమీది మొక్కలు సాలుకు సాలు ఒరిగిపోతున్నాయి. ఈయన ఖాళీ చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి, మట్టి తీస్తున్నట్టే. అవి జీపులోని వాళ్లకు ఎక్కడ కనబడతాయోనని భయమేసి, ఆ రెండు చేతుల్నీ నా కొంగులో చుట్టి గట్టిగా పట్టుకున్నాను.