గేటు దాకా

కారు తాళాన్ని మినపగుళ్ళ డబ్బాలో అడుగుదాకా కూరి, మూత బిగించి, డబ్బాను అలమర వెనక వరుసకు నెట్టేసింది జానకి. హాల్లో కెప్టెన్ శేషగిరిరావు అప్పటికే సోఫా దిళ్ళు పీకి కింద పారేస్తున్నాడు.

"జానకీ! తాళం ఎక్కడ పెట్టావే?"

"నాకేం తెలుసండీ? మీ వస్తువులు మీరు చూసుకోవాలి."

"ఇంట్లో దయ్యాలు తిరుగుతున్నాయా మరి?"

జానకి పొయ్యి వైపు తిరిగింది. పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే లోపల ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. దయ్యమేమిటి, ఈ ఊరే పట్టుకుంది ఆయన్ని. ఉయ్యూరులో ఎవరు మొదటిసారి విమానం ఎక్కాలన్నా ముందు ఈ గడప తొక్కాల్సిందే. ఆయన వాళ్ళని భోజనాల బల్ల కుర్చీలో కూచోబెట్టి, జానకి పాత చీర నడుముకు చుట్టి బెల్టు పెట్టుకోవడం నేర్పుతాడు. స్టీలు పళ్ళెం తెచ్చి, ఇందులో ఫోను పెట్టాలి, ఇందులో గాజులు పెట్టాలి అని చూపిస్తాడు. చేతిసంచీ వెతికి ఆవకాయ సీసా బయటికి లాగి, "బుద్ధుందా మీకు? విమానం ఎక్కుతున్నారా, కోటప్పకొండ తిరణాలకి వెళుతున్నారా?" అని వీధంతా వినపడేలా కేకలేస్తాడు. ఆ తరవాత తనే కారు తీసి గన్నవరం తీసుకెళ్ళి, గేటు దాకా దిగబెట్టి, విమానం పైకి లేచేదాకా బయటే నిలబడతాడు.

ఆయనేమీ యుద్ధాలు చేసిన పైలట్ కాదు. పేపర్లో ఎప్పుడూ పేరు పడలేదు. చిన్న విమానాల్లో ఉత్తరాల మూటలనీ మనుషులనీ ఈ ఊరి నుంచి ఆ ఊరికి మోశాడు, అంతే. రిటైరయ్యాక పట్నంలో ఉద్యోగాలిస్తామన్నా వినకుండా సామాను లారీకెక్కించి ఇక్కడికొచ్చేశాడు. పక్షవాతంతో పడిపోయిన జానకి తల్లిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రోజూ స్నానాల గదికి మోసింది ఆయనే. ఇవేవీ జానకి కాదనదు. ఆమె ఏడుపల్లా, ఇంటిని మోసిన మనిషి భుజాలమీదికి ఊరు కూడా ఎక్కి కూచుందని. మురుగు కాలవ పూడితే కెప్టెన్ గారు. వీధి దీపం పోతే కెప్టెన్ గారు. ఎవరైనా పోతే ఐసు పెట్టె తేవడానికీ కెప్టెన్ గారే. పోయిన వేసవిలో కంకిపాడు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి కారు కాలవగట్టు ఎక్కేసింది. స్టీరింగు ముట్టుకోకూడదు, కోపం తెచ్చుకోకూడదు అన్నాడు డాక్టరు. మొదటిది జానకి ఆపగలదు. రెండోది బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు.

వాకిట్లో సంచీ పెట్టిన చప్పుడయింది. "వదినగారూ" అంటూ కరీమున్నీసా లోపలికొచ్చింది. రెండిళ్ళ అవతల జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. ఆమె భర్త రహ్మాన్ కెప్టెన్ గారికి ప్రాణస్నేహితుడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి మక్కాకి వెళ్ళాలని పైసా పైసా కూడబెట్టుకుంటుండగా రహ్మాన్ పోయాడు. పోయేముందు, "మా ఆవిణ్ణి విమానం ఎక్కించే పూచీ నీదేరా" అన్నాడట. ఇవాళ ఆమె గన్నవరం నుంచి హైదరాబాదు దాకా ఒంటరిగా వెళితే అక్కడ మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్ళే బృందం కలుస్తుంది.

"ఆయన రావడం లేదు కరీమున్నీసా. బాడుగ కారు మాట్లాడాను, జక్కయ్య తీసుకెళతాడు" అంది జానకి.

కరీమున్నీసా మొహం తెల్లబోయింది. "అట్లాగే వదినగారూ" అంది, ఏడుపు ఆపుకుంటూ.

"ఎవరే రానిది?" శేషగిరిరావు హాల్లోంచి దూసుకొచ్చాడు. "నా కాళ్ళకి సంకెళ్ళు వెయ్యడానికి నువ్వెవరివే? తాళం దాచావా? దొంగబుద్ధులు కూడా వచ్చాయా?"

పరాయి మనిషి ముందు. జానకికి తల కొట్టేసినట్టయింది.

"అవును, దాచాను! రేపు మీరు పడిపోతే ఈ ఊరొచ్చి నాకింత అన్నం పెడుతుందా? నా పక్కన కూచుంటుందా? ఊరికేం, ఇంకో కెప్టెన్ గారిని వెతుక్కుంటుంది!"

ఆయన విసవిసా వెళ్ళి, వాకిట్లో వచ్చి ఆగిన బాడుగ కారు ముందు సీట్లో కూచున్నాడు. కరీమున్నీసా బురఖా చేయి పైకి జరిపి, ఆకుపచ్చ గుడ్డలో నాణెం చుట్టిన మూట జానకి చేతిలో పెట్టింది. ఇమామ్ జామిన్. ప్రయాణం క్షేమంగా జరగాలని పెద్దవాళ్ళు జబ్బకు కట్టేది. "మా ఇంట్లో పెద్దదిక్కు లేదు గదా. మీరు కట్టండి" అంది. జానకి కట్టింది. కోపంలో ముడి రెండుసార్లు జారింది.

తనూ ఎక్కి వెనక కూచుంది. దారి పొడుగునా ఆయన జక్కయ్యని తిట్టాడు, ఎదురొచ్చిన చెరుకు ట్రాక్టర్లని తిట్టాడు, కరీమున్నీసాకి పాఠం ఒప్పజెప్పించాడు. "చెవులు మూసుకుపోతే?" "గుటకలు మింగాలన్నయ్యగారూ." జానకితో మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకుందామె.

గేటు దగ్గర కరీమున్నీసా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ లోపలికెళ్ళింది. కాసేపటికి ఆయన ఫోను మోగింది. ఆమె గొంతు పక్కనున్న జానకికీ వినిపిస్తోంది.

"అన్నయ్యగారూ, మెషీను కూసింది. చేతికి కట్టింది విప్పమంటున్నారు. మధ్యలో విప్పితే కీడండీ. నేనొచ్చేస్తాను."

అన్నీ నేర్పిన మనిషి ఆ నాణెం సంగతి మరిచిపోయాడు. గేటు మీదికి వెళ్ళి, "ఒక్క నిమిషం లోపలికి పోనివ్వవయ్యా!" అన్నాడు. టికెట్ లేకుండా కుదరదన్నాడు జవాను. "నీ వయసంత కాలం విమానాలు నడిపానురా!" అని అరిచాడు శేషగిరిరావు. మెడ నరాలు ఉబ్బాయి. అరిచి అరిచి ఆయాసం ముంచుకొచ్చి, ఫోను జానకి చేతిలో కుక్కాడు.

జానకికి అందరిమీదా కోపం వచ్చింది. ఆ జవాను మీద, మెషీను మీద, చచ్చిపోయిన రహ్మాన్ మీద.

"విప్పెయ్, కరీమున్నీసా. కట్టింది నేను, విప్పమంటున్నదీ నేనే. కీడంటూ ఉంటే నా మీదేసుకుంటాలే. నువ్వు ముందు వెళ్ళు!"

విమానం లేచింది. ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది మబ్బులో కలిసేదాకా చూశాడు. కొట్లో నీళ్ళ సీసా కొని కారెక్కాడు.

పొలాల మధ్యకి వచ్చాక సగం నీళ్ళు తాగి, తల తిప్పకుండానే సీసా వెనక్కి చాపాడు. ఆయన రాజీ పడే పద్ధతి అదే. పెళ్ళయిన నాటి నుంచీ ఎరుగును. తీసుకుంటే ఓడిపోయినట్టే.

"నాకొద్దు" అంది జానకి, కిటికీ వైపు తిరిగి.

చెయ్యి కాసేపు అలాగే ఉండి వెనక్కి వెళ్ళింది. ఆ తరవాత ఆయన జక్కయ్యని తిట్టడం మానేశాడు. కునుకు పట్టిందనుకుంది. కంకిపాడు దాటాక జక్కయ్యే కారు పక్కకి ఆపి, "మేడమ్, సార్ పలకడం లేదండీ" అన్నాడు. దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళితే, దారిలోనే అయిపోయిందన్నారు.

పొద్దు వాలేసరికి హాలంతా జనం. కూతురు శాంభవి మంగళగిరి నుంచి వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూలబడింది. కాలనీ ప్రెసిడెంటు సంజీవరావు చేతులు నలుపుకుంటూ, "పుణ్యాత్ముడమ్మా, ఒకరి చేత చేయించుకోకుండా వెళ్ళిపోయారు. పెద్ద ఫ్లెక్సీ వేయిద్దాం" అని, కాలనీ గ్రూపులో పెట్టడానికి ఫోను తీశాడు.

"ఆ ఫోను జేబులో పెట్టండి!" జానకి అరుపుకి ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. "గ్రూపులో కరీమున్నీసా ఉంది. ఆ గుడ్డ విప్పినందుకే ఇలా అయిందని వెనక్కొచ్చేస్తుంది. ఆవిణ్ణి ఎక్కించడానికే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడాయన. తిరిగొచ్చేదాకా ఎవరైనా నోరు విప్పారో, మర్యాద దక్కదు!"

అప్పుడే మోగింది ఆయన ఫోను. జానకే ఎత్తి హలో అంది.

"ఎప్పుడో దిగాను వదినగారూ! మావాళ్ళు ఇప్పటికి కలిశారు. అర్ధరాత్రికి పెద్ద విమానం ఎక్కుతామండీ. అస్సలు భయపడలేదని అన్నయ్యగారికి నేనే చెప్పాలి. ఒకసారి ఇవ్వండి."

జానకి ఐసు పెట్టె వైపు చూసింది. అద్దం కింద ఆయన మొహంలో కోపం ఇంకా పోలేదనిపించింది.

"ఇవ్వను. పొద్దుటి నుంచీ నా మీద అలిగి కూచున్నారు. ఎవరితోనూ మాట్లాడరు. నువ్వు క్షేమంగా వెళ్ళిరా."

"అయ్యో, మీరే ఒక మెట్టు దిగండి వదినగారూ" అని నవ్వి పెట్టేసిందామె.

ఫోను దింపేసరికి గుమ్మంలో జక్కయ్య నిలబడి ఉన్నాడు. "సార్‌ది, కారులో ఉండిపోయిందండీ" అంటూ రెండు చేతులా అందించాడు. ఈసారి జానకి చెయ్యి చాపి తీసుకుంది. సీసాలో సగానికి నీళ్ళున్నాయి. మూత తీసే ఉంది.