పెరుగు పడిన కుండ

బరువు తగ్గితే తప్ప గుండె ఆపరేషన్ చేయనని మా గెర్షోన్ అన్నయ్యకు డాక్టరు తేల్చి చెప్పాడు. వేసవంతా ఫ్రూమా వదిన అతనికి ఉడికించిన సొరకాయే పెట్టింది. మా యూదుల కొత్త సంవత్సరం పండగకు మాత్రం వదిన, మా అమ్మ వాడిన మట్టికుండలో, అమ్మ వండినట్టే, క్యారెట్, ఎండుద్రాక్ష వేసి ఎద్దుమాంసం వండింది.

"కొవ్వు చుక్క కూడా వెయ్యలేదు. కడుపునిండా తినండి," అంది.

"మరి ఇంత చిక్కగా ఎలా వచ్చిందే?" అన్నాడు అన్నయ్య.

"నర్సు చెప్పింది. వెన్న తీసిన పెరుగు కలిపాను."

అంటూనే ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. మాంసంలో పాలూ పెరుగూ కలవకూడదని మా ఇళ్లలో మాటలు రాని పిల్లలకు కూడా తెలుసు. అన్నయ్య నోటిదాకా తెచ్చిన చెంచా దించేశాడు.

ఆ కూర కుక్కకు కూడా పెట్టకూడదు. ఇనపగిన్నె అయితే నీళ్లలో మరిగించి శుద్ధి చేసుకునేవాళ్లం. మట్టికుండకు ఆ దారి లేదు, పారెయ్యాల్సిందే. వదిన దాన్ని ఎత్తుకెళ్లి బయట గోడ పక్కన పెట్టి వచ్చింది.

"మీ గుండె తప్ప నాకింకేమీ గుర్తు రాలేదండీ," అంది.

"తెలుసులేవే."

రొట్టె, యాపిల్ ముక్కలు మిగిలాయి. వేసవంతా తాళం వేసి దాచిన తేనె సీసాను వదినే అతని ముందుకు జరిపింది. అన్నయ్య ఒక ముక్క కొస మాత్రం ముంచాడు.

"తియ్యటి సంవత్సరం రావాలి," అన్నాడు. ఆ ముక్క నములుతూ, "పండగనాడు కూడా పస్తు పెట్టానని డాక్టరుకి చెప్పవే, సంతోషిస్తాడు," అన్నాడు.

వదిన నవ్వలేదు. కిటికీలోంచి అమ్మ కూర వాసన వస్తూనే ఉంది.